చలి మీద నింద

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను ఎల్‌కేజీ నుంచి ఇంగ్లిష్ మీడియం. తెలుగు నాకు ఇంట్లో మాట్లాడే భాషే గానీ రాసే భాష కాదు. మన పత్రికకి ఏదైనా రాయమని క్లబ్ వాళ్ళు అడిగిన ప్రతిసారీ "నాకు కవితలు రావు" అని తప్పించుకున్నాను. ఈసారి కూడా రాస్తున్నది కవిత కాదు, మా నాన్న బండి కార్బొరేటర్ గురించి. ఇది సాహిత్య పత్రికలో ఉండాల్సిందో కాదో చదివాక మీరే చెప్పండి. అక్షర దోషాలుంటే క్షమించండి.

నేను చెప్పదల్చుకున్నది ఒక్కటే. పొద్దున్నే బండి స్టార్ట్ అవ్వకపోతే మనం "చలికండీ" అంటాం. మన వైపు ఆ మాట చాలాసార్లు నిజం కాదు. అసలు కారణం వెతకడానికి బద్ధకించి చలి మీద వేసే నింద అది. ఆ నింద నేనూ వేశాను. దానికి మా ఇంట్లో కట్టిన ఖరీదు కాస్త ఎక్కువే.

మాది ఏలూరు. నాన్న కైకలూరు రోడ్డు వైపు, కొల్లేరు అంచున, కాంటూరు బయట నాలుగెకరాల చేపల చెరువు కౌలుకి చేస్తారు. శీలావతి, బొచ్చె. నేను తాడేపల్లిగూడెంలో హాస్టల్లో ఉంటాను. శనివారం సాయంత్రం రైలెక్కితే భీమడోలు, దెందులూరు దాటుకుని రాత్రి భోజనానికి ఇంట్లో ఉంటాను. నాన్న బండి వంద సీసీది, 2009 మోడల్. నా మూడో ఏట కొన్నారు. ట్యాంకు మీద నన్ను కూర్చోబెట్టుకుని తిప్పిన బండి అది. కంపెనీ పేరు అనవసరం, ఏ కంపెనీ బండైనా పదహారేళ్ళు గట్ల మీద తిరిగితే అంతే.

ఆ బండికి పోయిన దసరా నుంచి రెండు జబ్బులు. ఒకటి, నిలబెట్టినప్పుడు కార్బొరేటర్ కింద ఉన్న సన్న పైపులోంచి చుక్క చుక్కగా పెట్రోల్ కారేది. నాన్న రాత్రిపూట పెట్రోల్ ట్యాప్ కట్టేసి, కింద కొబ్బరి చిప్ప పెట్టేవారు. అమ్మ రోజూ గొడవే. "వరండాలో పెట్రోల్ కంపు, ఇవతల తులసికోట దగ్గర దీపం. ఏదో రోజు కొంప అంటుకుంటుంది చూడండి" అనేది. రెండోది, నవంబరు చివర్లో మొదలైంది. తెల్లవారుజామున బండి స్టార్ట్ అయ్యేది కాదు. మధ్యాహ్నం మాత్రం ఒక్క కిక్కుకే అందుకునేది.

మేం ఈ రెండింటినీ రెండు వేరే జబ్బులు అనుకున్నాం. అక్కడే మొదటి తప్పు.

ఇంజనీరింగ్ చదువుతున్న కొడుకుని కదా, వైద్యం నేను మొదలుపెట్టాను. ఫోన్‌లో నాలుగు వీడియోలు చూశాను. చలికి పెట్రోల్ సరిగ్గా ఆవిరి కాదు, ఆవిరి కాని పెట్రోల్ మండదు, అందుకని గాలి తగ్గించి పెట్రోల్ పాళ్ళు పెంచాలి, ఆ పని చేసేదే చోక్. ఇది పుస్తకం ప్రకారం నూటికి నూరుపాళ్ళు నిజం. అందుకే "నాన్నా, చోక్ పూర్తిగా లాగి కొట్టండి" అని చెప్పాను. ఒక ఆదివారం కొత్త ప్లగ్గు కూడా వేశాను. పాత ప్లగ్గు ఎలా ఉందో చూడకుండానే చెత్తబుట్టలో పడేశాను. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

మొన్న డిసెంబరులో సెలవులకి ఇంట్లో ఉన్నాను. ఒక రోజంతా మబ్బు పట్టింది. చేపల చెరువుల వాళ్ళకి మబ్బు అంటే భయం. పగలు ఎండ ఉంటే నీళ్ళలోని నాచు ప్రాణవాయువు తయారుచేస్తుంది. రాత్రి అది ఆగిపోతుంది, కానీ చేపలూ నాచూ అన్నీ పీలుస్తూనే ఉంటాయి. సరిగ్గా తెల్లవారే ముందు నీళ్ళలో ప్రాణవాయువు అన్నిటికన్నా తక్కువగా ఉంటుంది. పగలు మబ్బేస్తే ఇక చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున 3:50కి కాపలా మనిషి ఫోన్ చేశాడు. "చేపలు పైకి తేలి నోళ్ళు తెరుస్తున్నాయండి, బేగా రండి." ఆయిలింజను ఆడించి నీళ్ళు తిరగేసి కొట్టాలి. డీజిల్ క్యాన్ మా ఇంట్లోనే ఉంటుంది. గట్టు మీద వదిలేస్తే తెల్లారేసరికి ఉండదు.

నాన్న ట్యాప్ తిప్పి, బండి వెనక క్యాన్ తాడుతో కట్టి, మంకీ క్యాప్ పెట్టుకుని, చోక్ లాగి కిక్ కొట్టారు. లేదు. ఇరవై కిక్కులు. లేదు. తర్వాత నేను అందుకున్నాను. చెమటలు కారుతున్నాయి గానీ బండిలో ఉలుకూ లేదు, పలుకూ లేదు. వరండా అంతా పెట్రోల్ వాసన. చివరికి పక్కింటి వాళ్ళని లేపి స్కూటర్ అడిగి, అయిదు దాటాక బయల్దేరారు. ఆయన వెళ్ళేసరికి పెద్ద చేపలు తెల్లగా తిరగబడి ఉన్నాయట. ఆరొందల కేజీల దాకా పోయాయి. నా సెమిస్టర్ ఫీజు కన్నా ఎక్కువ.

నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. సాయంత్రం అన్నం తింటూ "ఇయ్యాల చలి మరీ ఎక్కువగా ఉందిరా" అన్నారు, అంతే. ఆ మాట నాకు తిట్టు కన్నా గట్టిగా తగిలింది. ఎందుకంటే చలి అనే మాట ఆయనకి అందించింది నేనే.

ఇంకో సంగతి. ఆ సెమిస్టర్‌లోనే మా బ్యాచ్ మినీ ప్రాజెక్టు ఏంటో తెలుసా? చేపల చెరువులో ప్రాణవాయువు తగ్గితే రైతు ఫోన్‌కి మెసేజ్ పంపే సిస్టం. డెమో బాగా వచ్చింది, మార్కులూ బాగానే వచ్చాయి. కానీ ఆ రోజు మా ఇంట్లో కబురు అందకపోవడం సమస్య కాలేదు. కబురు టైముకే అందింది. కదలనిది బండి.

మర్నాడు బండి తోసుకుని మెకానిక్ షెడ్డుకి వెళ్ళాం. అరవై దాటిన మనిషి. నాన్న ఆయన్ని అన్నయ్యా అంటారు, నేను పెదనాన్న గారూ అంటాను. నేను చలి గురించీ, ఆవిరి గురించీ, పాళ్ళ గురించీ వీడియోలో విన్నదంతా చెప్పాను. ఆయన మొత్తం ఓపిగ్గా విని ఒకే ఒక్క ప్రశ్న అడిగారు.

"ప్లగ్గు తీసి చూసావా అబ్బాయ్? తడిగా ఉందా, పొడిగా ఉందా?"

చూడలేదు. ప్లగ్గు మార్చాను గానీ చూడలేదు. ప్రోగ్రామ్ ఆగిపోతే స్క్రీన్ మీద వచ్చిన ఎర్రర్ చదవకుండా కంప్యూటర్ మార్చేసినవాడిని ఏమంటారు? మన క్లాసులో అయితే నవ్వుతారు. నేను చేసింది అదే.

ఆయన ప్లగ్గు విప్పారు. తడిసి ముద్దయి ఉంది. "పొడిగా ఉంటే పెట్రోల్ రావట్లేదని. తడిగా ఉంటే పెట్రోల్ వస్తోంది గానీ మండట్లేదని. మండట్లేదంటే రెండే. నిప్పు రవ్వ లేదు, లేకపోతే పెట్రోల్ ఎక్కువైంది" అన్నారు. ఇంకో ప్లగ్గు పెట్టి, పెట్రోల్ వాసనకి దూరంగా బండి జరిపి చూస్తే రవ్వ బ్రహ్మాండంగా వస్తోంది. అంటే పెట్రోల్ ఎక్కువైంది. ఎక్కువైన పెట్రోల్‌కి మేం రోజూ చోక్ లాగి ఇంకాస్త పోస్తున్నాం.

ఇక్కడ కార్బొరేటర్ లోపల ఏముంటుందో చెప్పాలి. నాకూ ఆ రోజే తెలిసింది. అడుగున ఒక చిన్న గిన్నె ఉంటుంది. ట్యాంకులోంచి పెట్రోల్ తన బరువుతో తానే ఆ గిన్నెలోకి దిగుతుంది. గిన్నెలో ఒక ఫ్లోట్ తేలుతూ ఉంటుంది. పెట్రోల్ నిండేకొద్దీ అది పైకి లేచి, తన మీదున్న సూదిని పైన రంధ్రంలోకి నొక్కుతుంది. దారి మూసుకుంటుంది. ఇంజను పెట్రోల్ తాగేకొద్దీ ఫ్లోట్ దిగుతుంది, దారి తెరుచుకుంటుంది. మేడ మీద నీళ్ళ ట్యాంకులో బంతి వాల్వ్ చేసే పనే ఇది. ఫ్లోట్ చేతిలోకి తీసుకుని నాన్న "వలకి కట్టే బెండు లాంటిదన్నమాట" అన్నారు. నాకు ఇంగ్లిష్‌లో మాత్రమే తెలిసిన వస్తువుకి ఆయన ఒక్క సెకనులో తెలుగు పేరు పెట్టేశారు.

సూది సరిగ్గా మూయకపోతే? గిన్నె నిండిపోతుంది. ఎక్కువైన పెట్రోల్ ఓవర్‌ఫ్లో పైపులోంచి కారుతుంది. మా కొబ్బరి చిప్పలో పడ్డ చుక్కలు అవే. పెదనాన్న గారు సూది మొన మీద గోరు ఆనించి చూపించారు. రబ్బరు మొన చుట్టూ గీత గీసినట్టు సన్న గాడి పడింది. పక్కనే, గిన్నె అడుగున, ట్యాంకు లోంచి వచ్చిన ఎర్రటి తుప్పు పొడి.

మరి మధ్యాహ్నం ఎందుకు స్టార్ట్ అయ్యేది? వేసవిలో ఎందుకు ఇబ్బంది లేదు? ఇంటికొచ్చాక కాగితం మీద రాసుకుని చూస్తే తేలింది. తెల్లవారుజామున నాన్న ముందు ట్యాప్ తిప్పి, తర్వాత మేత బస్తా కట్టుకుని, టీ తాగి బయల్దేరతారు. ఆ పదినిమిషాలూ గిన్నె పొర్లుతూనే ఉంటుంది. ఆపైన చోక్. ప్లగ్గు తడిసిపోతుంది. మధ్యాహ్నం చెరువు దగ్గర ట్యాప్ తిప్పిన వెంటనే కిక్ కొడతారు, ఇంజను వేడిగా ఉంటుంది, చోక్ అవసరం లేదు. అందుకే స్టార్ట్ అవుతుంది. చలికాలంలో వచ్చిన అసలు మార్పు చోక్ లాగడం. చోక్ చలితో పాటు వచ్చింది కాబట్టి మేం చలిని పట్టుకున్నాం. కారుతున్న సూదిని వదిలేశాం. రెండు జబ్బులు కాదు, ఒకటే.

అసలు మన చలి ఎంత? డిసెంబరు, జనవరిలో ఏలూరు, గూడెం వైపు తెల్లవారుజామున పదిహేడు, పద్దెనిమిది డిగ్రీలు. ఇదే రకం బండ్లు ఢిల్లీలో అయిదారు డిగ్రీల్లో కూడా తిరిగాయి. పెట్రోల్ సున్నాకి నలభై డిగ్రీల కింద కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. అంటే మా ఇంజనులో మండని ఆ పెట్రోలే వరండాలో అమ్మ దీపానికి మండగలదు. ఆ ఆవిరి గాలి కన్నా బరువు, నేల మీదే పాకుతుంది. అమ్మ గొడవలో ఉన్న సైన్సు నా వీడియోల్లో లేదు. బాగున్న బండికి మన చలి పెద్ద లెక్క కాదు. సగం చోక్, రెండు కిక్కులు. అంతకన్నా అడుగుతోందంటే లోపల ఇంకేదో ఉంది.

అందుకని, ఇంట్లో కార్బొరేటర్ బండి ఉన్న స్నేహితుల కోసం నేను నేర్చుకున్నది రాస్తున్నాను.

పెట్రోల్ కారుతుంటే ముందు ఎక్కణ్ణించి కారుతోందో చూడండి. ఆరుబయట, పొయ్యికీ దీపానికీ సిగరెట్టుకీ దూరంగా, ఇంజను చల్లారాక, బండిని మెయిన్ స్టాండు వేయండి. పొడిగుడ్డతో కార్బొరేటర్ తుడిచి, ట్యాప్ తిప్పి, పది నిమిషాలు ఊరికే చూడండి. ట్యూబు దగ్గర తడైతే ట్యూబు ఎండి పగిలింది, లేదా క్లిప్పు వదులైంది. గిన్నె అతుకు చుట్టూ తడైతే రబ్బరు రింగు పోయింది. గిన్నె అడుగున స్క్రూ దగ్గరైతే ఆ స్క్రూ సరిగ్గా బిగుసుకోలేదు. ఓవర్‌ఫ్లో పైపులోంచి వస్తే సూది మూయట్లేదు, లేదా ఫ్లోట్‌కి చిల్లు పడి మునిగిపోతోంది, లేదా గిన్నెలో నిలబడి ఉండే ఆ పైపే పగిలింది. ఫ్లోట్‌ని చెవి దగ్గర ఆడిస్తే లోపల పెట్రోల్ కదిలిన చప్పుడు వస్తుంది. స్క్రూడ్రైవర్ పిడితో గిన్నె మీద మెల్లగా తడితే ఇరుక్కున్న సూది ఒక్కోసారి సర్దుకుంటుంది. అది ఆ పూట గడవడానికే, బాగయినట్టు కాదు. జెట్టు రంధ్రాల్లో పిన్నీసు పెట్టి పొడవకండి, రంధ్రం పెద్దదైతే బండి ఇక ఎప్పటికీ ఎక్కువే తాగుతుంది. గాలి కొట్టించండి.

స్టార్ట్ అవ్వకపోతే ప్లగ్గు చూడండి. పొడిగా ఉంటే ట్యాప్, ట్యూబు, జెట్టు వైపు వెతకాలి. చాన్నాళ్ళు నిలబెట్టిన బండి అయితే గిన్నెలో పాత పెట్రోల్ తీసేయాలి. తడిగా ఉంటే ట్యాప్ కట్టేసి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా తిప్పి పట్టుకుని నాలుగైదు కిక్కులు కొట్టండి, ఎక్కువైన పెట్రోల్ పోతుంది. ఇంకొకటి, ఇది ముఖ్యం. ఇంజనాయిల్‌లో పెట్రోల్ వాసన వచ్చినా, ఆయిల్ మట్టం పెరిగినట్టు కనిపించినా బండి నడపొద్దు. సూది దాటిన పెట్రోల్ ఇంజనులోకి దిగిందని అర్థం. ఆయిల్ మార్చాకే స్టార్ట్ చేయాలి.

"ఈ రోజుల్లో ఇదంతా ఎందుకు? కార్బొరేటర్ల కాలం అయిపోయిందిగా" అని హాస్టల్లో నా రూమ్మేట్ అన్నాడు. వాడి మాటలో నిజముంది. 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్-6 నిబంధనలు వచ్చాక కొత్త బండ్లలో దాదాపు అన్నిటికీ ఫ్యూయల్ ఇంజెక్షనే. చోక్ లాగే పని లేదు, పొగ తక్కువ. పాత బండి కారుతూ తిరిగితే డబ్బుకీ నష్టం, గాలికీ నష్టం. పైగా ఇప్పుడు పెట్రోల్‌లో 20 శాతం ఎథనాల్ కలుస్తోంది. ఎథనాల్ నీటిని పీల్చుకుంటుంది, దాన్ని దృష్టిలో పెట్టుకుని చేయని పాత రబ్బరు భాగాలకి అది అంతగా పడదు. ఇవన్నీ ఒప్పుకుంటాను.

కానీ కొత్త బండి అంటే లక్ష దగ్గర్లో మాట. కౌలు చెరువు చేసేవాడు ఆ లక్ష ముందు మేతకి పెడతాడు. మీరు ఓసారి తెల్లవారుజామున కైకలూరు రోడ్డు మీదో, ఆకివీడు వైపో నిలబడి చూడండి. చేపల ట్రేలు, పాల క్యాన్లు, గడ్డి మోపులు, మేత బస్తాలు మోసే బండ్లలో ఎన్ని కొత్తవో లెక్కపెట్టండి. అవి ఇంకా చాలా ఏళ్ళు తిరుగుతాయి. వాటిని తుక్కు కింద లెక్కగట్టే ముందు, వాటి మీద బతికేవాళ్ళు ఏం చేయాలో కూడా చెప్పాలి కదా.

ఇక్కడే మన క్లబ్బుతో నాకు పని. నేను వెతికినప్పుడు దొరికిన మంచి వివరణలు చాలావరకు ఇంగ్లిష్‌లోనో, హిందీలోనో ఉన్నాయి. బండితో వచ్చిన పుస్తకం మా బీరువాలో ఉంది, అదీ ఇంగ్లిష్. నాన్న పదహారేళ్ళలో ఒక్కసారి కూడా దాన్ని తెరవలేదు. ఆ షెడ్డులో ఉన్న జ్ఞానమంతా తెలుగులోనే ఉంది, కానీ అది ఆ పెద్దాయన నోట్లోనే ఉంది. ఎక్కడా రాసి లేదు. ఆయన కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తున్నాడట. షెడ్డు మూసేస్తే "తడిగా ఉందా, పొడిగా ఉందా" అన్న ప్రశ్న కూడా దాంతో పాటే మూతపడుతుంది.

తెలుగుని కాపాడుకోవాలని మనం ప్రతి ఆగస్టు 29న స్టేజీ ఎక్కి మాట్లాడతాం. మంచిదే. కానీ నాన్న లాంటి మనిషి రాత్రి మూడున్నరకి అవసరపడి వెతికితే అర్థమయ్యే తెలుగులో ఒక్క పేజీ కూడా దొరకకపోతే, ఆ భాష ఆయనకి ఏం సాయం చేసినట్టు? కథలూ కవితలూ ఉండాలి. వాటి పక్కన మోటారు, మిక్సీ, కార్బొరేటర్ కూడా ఉండాలి. నాలాంటి ఇంగ్లిష్ మీడియం వాడికి తెలుగు రాయడం అలవాటు కావాలంటే ఇంతకన్నా మంచి దారి నాకు కనిపించట్లేదు. ఎందుకంటే ఇక్కడ మాట తప్పయితే బండి స్టార్ట్ అవ్వదు. అందుకని నా అడుగుడు చిన్నదే. వచ్చే సంచిక నుంచి ఒక్క పేజీ మరమ్మతులకి ఇవ్వండి. ప్రతి ఒక్కరూ సెలవులకి ఊరెళ్ళినప్పుడు ఒక మెకానిక్ దగ్గరో, ఎలక్ట్రీషియన్ దగ్గరో గంట కూర్చుని, ఆయన చెప్పింది ఆయన మాటల్లోనే రాసుకు రండి. పేజీ నింపే పూచీ నాది.

మా బండికి సూది సెట్టు, రబ్బరు రింగు, ట్యాంకు కడగడం, కూలీ అన్నీ కలిపి అయిదొందలు కూడా కాలేదు. ఆ అయిదొందలు దసరాకే పెట్టి ఉంటే ఆ చేపలు బతికేవి. సంక్రాంతి సెలవుల్లో ఒక తెల్లవారుజామున లేచి చూశాను. భోగి మంటల రోజులు, మంచు బాగా పడుతోంది. నాన్న ట్యాప్ తిప్పి, బస్తా కట్టి, టీ తాగారు. బండి కింద నేల పొడిగా ఉంది. సగం చోక్, రెండో కిక్కుకి అందుకుంది. "చలి తగ్గిందిరా" అన్నారు నవ్వుతూ.

తగ్గలేదు. ఆ రోజు కూడా పద్దెనిమిదే.